రెండు పనులకి ఒకటే పళ్లెం

అందుకే చెబుతున్నాను, మీరెప్పుడైనా భోజనాలు పెట్టి నీళ్ల మీద తిప్పే ఆ లాంచీ ఎక్కితే బ్యాండు వాళ్ల మూలకి మరీ దగ్గరగా కూర్చోకండి. పాట బాగుండదని కాదు, బాగానే ఉంటుంది. దగ్గర కూర్చుంటే డ్రమ్ములాయన మొహం కనిపిస్తుంది. ఆ మొహం చూశాక ఇక పాట మీద మనసు నిలవదు. నవ్వుతూనే ఉంటాడు, తల ఊపుతూనే ఉంటాడు. కళ్లు మాత్రం పెద్ద రోడ్డు దాటుతున్న మనిషి కళ్లలా అటూ ఇటూ పరుగెడుతూ ఉంటాయి.

ఆయన్ని లాంచీ మీద టకటకయ్య అంటారు. అసలు పేరు ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. వేళ్లు ఊరుకోవు మరి. బస్సు కడ్డీ మీద, టీ గ్లాసు మీద, ఆఖరికి నిద్రలో భార్య భుజం మీద కూడా టకటకమని కొడుతూనే ఉంటాయి. "నా భుజమేమన్నా డ్రమ్మా, పడుకో" అని ఆవిడ ఆ చెయ్యి తీసి పక్కన పడేస్తుంది. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. ఆ చెయ్యి తీసి పడెయ్యడం ఇప్పుడు ఆవిడ నిద్రలోనే చేసేస్తుంది.

వాళ్ల నాన్న రేకు పనివాడు. బకెట్లు, గరాటులు, నీళ్ల తొట్లు చేసేవాడు. షాపంటే షాపు కాదు, రెండు గోడల మధ్య సందుకి పైన రేకు కప్పుకున్నాడు, అంతే. పొద్దున లేస్తే సుత్తి, సాయంత్రం దాకా సుత్తి. టకటకయ్య తాళం నేర్చుకున్నది అక్కడే. రేకు మందమెంతో గోటితో కొట్టి చెప్పడం, అంచు వంచి ఎంత సాగుతుందో చూడటం, అన్నీ ఆ సందులోనే అబ్బినవే.

ఆ నాన్నకి యాభై దాటేసరికి చెవులు పూర్తిగా పోయాయి. మొదట్లో అందరూ అరిచి చెప్పేవాళ్లు. తర్వాత చేతులూపి చెప్పారు. ఆ తర్వాత చెప్పడమే మానేశారు. కొడుక్కి పెళ్లి కుదిరిన సంగతి కూడా ఆయనకి, తనకో కొత్త చొక్కా తెచ్చి ఒళ్లో పెట్టాకే తెలిసింది. ఎవరేమన్నా నవ్వేవాడు. తిట్టినా నవ్వేవాడు. ఒకసారి వంటింట్లో కర్టెను అంటుకుని ఇల్లంతా పరుగులు పెడుతుంటే ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని, వీధిలో పోయేవాళ్లని చూసి నవ్వుతూ కూర్చున్నాడు. ఆ నవ్వు టకటకయ్యకి ఇప్పటికీ కలలోకొస్తుంది. కొడుక్కీ ఇప్పుడు యాభై రెండు.

సంగతి మొదట బయటపడింది పిట్టల దగ్గర. రెండేళ్ల కిందట ఒకరోజు పొద్దున కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటూ, "మన వీధిలో పిట్టలన్నీ ఎటు పోయాయే?" అన్నాడు.

భార్య జడలో దువ్వెన అలాగే ఆపేసింది. "ఎటు పోవడమేంటి? బుర్ర తినేస్తున్నాయిగా, ఆ కరెంటు తీగ మీద చూడు."

చూశాడు. పది పదిహేను పిట్టలు వరసగా కూర్చుని ఉన్నాయి. నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. చప్పుడు లేదు.

"ఆఁ, అవా? అవి కాదు. నేనన్నది పెద్ద పిట్టలు" అన్నాడు. గడ్డం సగంలో తెగింది. సబ్బు నురగ మీద ఎర్రగా చుక్క తేలింది. 

డ్రమ్ముల సెట్టులో ఇత్తడి రంగులో గుండ్రంగా వేలాడేవి మీరు చూసే ఉంటారు. సింబల్స్ అంటారు. ఆయన మటుకు పళ్లెం అనే అంటాడు, రేకు షాపు అలవాటు. వాటిలో పెద్దది రైడ్. పాట పొడుగునా స్టిక్కు మొనతో దాని మీద టింగ్ టింగ్ టింగ్ అని నడుస్తూ ఉంటారు. పాటని చెయ్యి పట్టుకుని నడిపించేది అదే. ఇంకోటి క్రాష్. అది పలచగా ఉంటుంది. పాట మలుపు తిరిగే చోట, ముగిసే చోట అంచు మీద ఒక్కటిస్తే జామ్మని విచ్చుకుని, అంతలోనే ఆరిపోవాలి.

టకటకయ్యకి పోయింది ఆ టింగే. పళ్లెం వెనకాల ఉండే హోరు వినిపిస్తుంది, ముందుగా పలికే సన్నటి మొన వినిపించదు. వినిపించకపోతే ఎవరైనా ఏం చేస్తారు? ఇంకొంచెం గట్టిగా కొడతారు. ఆయనా అదే చేశాడు. నెల నెలకీ ఇంకొంచెం, ఇంకొంచెం. ఆఖరికి పాతికేళ్లుగా కళ్లలో పెట్టుకుని చూసుకున్న పళ్లెం అంచు దగ్గర వెంట్రుకంత చీలింది.

"పాతబడిపోయింది బావా. పాపం, ఎన్నాళ్లుంటుంది అది మాత్రం?" అన్నాడు బావమరిది. ఆయన భార్యకి తమ్ముడు, కీబోర్డు వాయిస్తాడు. బ్యాండుకి పెద్ద కూడా అతనే.

"అవును, పాతది" అన్నాడు టకటకయ్య. చీలిక ఎందుకొచ్చిందో ఆయనకొక్కడికే తెలుసు.

అదే వారంలో లాంచీ ఓనరు బ్యాండు మూలలో ఇంకో రెండు బల్లలు ఇరికించాడు. "ఇన్ని స్టాండ్లు దేనికండీ, మా వెయిటర్లు ట్రేలతో సహా తన్నుకుని పడుతున్నారు. ఒక్క స్టాండు ఉంచుకోండి చాలు" అన్నాడు. ఒక్క స్టాండంటే ఒక్క పళ్లెమే. టింగ్ టింగ్‌కీ అదే, జామ్మనడానికీ అదే.

చెప్పినంత తేలిక కాదు అది. పళ్లెం మందంగా ఉంటే టింగ్ శుభ్రంగా పలుకుతుంది గానీ, అంచు మీద కొట్టినప్పుడు విచ్చుకోదు. బడి గంటలా ఖంగుమని ఊరుకుంటుంది. పలచగా ఉంటే అంచు దెబ్బకి హాయిగా విచ్చుకుంటుంది గానీ, మొనతో నడిపించేటప్పుడు హోరు పేరుకుపోయి టింగుల్ని మింగేస్తుంది. రెంటికీ మధ్య ఎక్కడో ఒకటి దొరుకుతుంది. దాన్ని పట్టుకోవాలంటే చెవి కావాలి.

"రేపు మధ్యాహ్నం షాపుకెళ్దాం బావా. నేనూ వస్తా, ఇద్దరం విని ఎంచుదాం" అన్నాడు బావమరిది.

టకటకయ్యకి ఆ తోడు వద్దనిపించింది. బావమరిది చెడ్డవాడు కాదు. బావంటే ప్రాణం. కానీ అతని కీబోర్డులో ఒక మీట ఉంది. ఎడమ నుంచి నాలుగోది. అది నొక్కితే డ్రమ్ములు వాటంతటవే మోగుతాయి. కిందటేడు టకటకయ్యకి జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే ఆ మీట మీదే పాటలన్నీ నడిపించేశారు. "ఎవరైనా అడిగారా, డ్రమ్ములాయన ఏడీ అని?" అన్నాడు జ్వరం తగ్గి వచ్చాక. "లేదన్నయ్యా, ఒక్కరూ అడగలా" అంది పాటలావిడ, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. అప్పటినుంచి కీబోర్డు పక్కన కూర్చున్నప్పుడల్లా ఆయన చూపు ఆ నాలుగో మీట మీదికే పోతుంది. అదేదో కుక్క పడుకుని ఉన్నట్టు, ఎప్పుడు లేస్తుందోనన్నట్టు.

మరి రెండేళ్లుగా ఎలా నెట్టుకొచ్చాడంటారా? బావమరిది కనుబొమ్మలతో. ఎడమ కనుబొమ్మ లేస్తే గట్టిగా కొడుతున్నాడని అర్థం. రెండూ ఒక్కసారే లేస్తే వేగం పెరిగిందని. ముడిపడితే ఎక్కడో తాళం తప్పిందని. చెవులు చెయ్యాల్సిన పని ఆ రెండు కనుబొమ్మలు చేసిపెడుతున్నాయి. షాపులోనూ అదే దారి అనుకున్నాడు. వాడి మొహం చూస్తూ కొడితే సరి, ఏ పళ్లెం దగ్గర కనుబొమ్మలు హాయిగా పడుకుంటాయో అదే కొనాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య టీ కాస్తోంది. ఆవిడ చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే మెషీను మీద పనిచేస్తుంది. నూట ఇరవై మెషీన్లు ఒక్కసారే ఆడే హాలది. అక్కడ ఆడవాళ్లెవరూ నోరు పెంచి మాట్లాడుకోరు. పెదాలు కదిపితే చాలు, పది మెషీన్ల అవతలున్న మనిషి మూతి చూసి జవాబిస్తుంది. సూపర్‌వైజరు మీద జోకులన్నీ అలాగే, ఆయన ముక్కు కిందే నడుస్తాయి.

గ్లాసు చేతికిస్తూ ఆవిడ ఏదో అంది. టకటకయ్య ఆవిడ మొహంలోకి చూసి, "చక్కెర చాల్లే" అన్నాడు.

ఆవిడ గ్లాసు వదల్లేదు. "ఎన్నాళ్ల నుంచి?"

"ఏంటి ఎన్నాళ్ల నుంచి?"

"నా మూతి చూసి మాట్లాడుతున్నావు. మా లైను వాళ్లు చూసినట్టు. ఫ్యాక్టరీ మొహం ఎరగని మనిషివి, నీకెక్కడ అబ్బింది ఈ విద్య?"

"పెళ్లాం మొహం చూడటం కూడా తప్పేనా?"

"ఇరవై ఆరేళ్లలో ఎప్పుడన్నా చూశావా ఇంతలా? కొత్త పెళ్లికొడుకులా చూస్తుంటే ముచ్చటపడ్డాను మొదట్లో. సిగ్గు కూడా పడ్డాను, నా మొహం మండా." నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. "రేపు షాపుకి నేనూ రానా?"

"నీకేం తెలుసు పళ్లేల సంగతి?"

"పక్క గదిలోంచి నువ్వు వాయించేది ఇన్నేళ్లూ విన్నది నేను కాదా? ఏది బాగుందో, ఏది తల నొప్పి తెప్పిస్తుందో నాకు తెలియదా?"

"వద్దులే. నీకు సెలవు దొరకదు" అన్నాడు. ఆవిడ సరేనంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. తిట్టే మనిషి తిట్టకపోతే ఏం చేస్తాం చెప్పండి.

మర్నాడు పాత పళ్లెం బట్టలో చుట్టుకుని, స్టిక్కుల సంచి భుజాన వేసుకుని బస్‌స్టాపుకి వెళ్లేసరికి బావమరిది ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. కళ్లకి నల్లద్దాలు. మామూలువి కాదు, ముక్కు దగ్గర్నుంచి నుదురు దాకా కప్పేసే పెద్ద అద్దాలు. కనుబొమ్మల ఆనవాలు కూడా లేదు.

"ఏంట్రా ఇది?"

"కళ్లకలక బావా. పొద్దున లేస్తే రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి. దగ్గరికి రాకు, నీకూ అంటుకుంటుంది."

"ఓసారి తియ్యి, చూస్తాను."

"చూసేదేముంది, టమాటాల్లా ఉన్నాయి."

"మరి ఇంట్లో పడుకోక ఎందుకొచ్చావురా?"

"కళ్లే కదా బావా పోయింది. చెవులున్నాయిగా" అన్నాడు బావమరిది.

టకటకయ్య అతని వెనకే బస్సెక్కాడు. బస్సు కడ్డీ పట్టుకున్నాడు గానీ, ఆ రోజు వేళ్లు టకటకలాడలేదు.

షాపు సన్నగా, రైలు పెట్టెలా పొడుగ్గా ఉంది. గోడల నిండా మేకులు, మేకుల నిండా పళ్లేలు. షాపు నడిపేది అరవై దాటిన ఆవిడ. కళ్లజోడు తాడు కట్టి మెళ్లో వేసుకుంది. మనుషుల కన్నా ముందు సామాను చూసే రకం. బట్ట విప్పి పాత పళ్లెం చేతుల్లోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చీలికని చాలాసేపు చూసింది.  టకటకయ్య వంక ఒకసారి చూసి దాన్ని బల్ల కింద పెట్టింది.

"స్టిక్కులు తెచ్చుకున్నావా నాయనా? మంచిది. షాపు స్టిక్కులతో ఎంచినవాళ్లు ఇంటికెళ్లి ఏడుస్తారు. ఏం కావాలి?"

ఆయన చెప్పాడు. ఒకటే పళ్లెం, నడవాలి, విచ్చుకోవాలి, తొందరగా ఆరాలి, చిన్న చోటు, పక్కనే బల్లలు.

"ఇరవై అంగుళాలు దాటొద్దయితే. నడిమి గుబ్బ చిన్నదిగా ఉండాలి. నువ్వే చూడు ముందు."

చూడటం వరకూ ఆయన రాజే. ఒక్కో పళ్లేన్ని నడిమి బెజ్జం దగ్గర వేలిమీద నిలబెట్టి బరువు చూశాడు. బొటనవేలితో అంచు నొక్కి ఎంత ఒంగుతుందో చూశాడు. గుబ్బ మీద గోటితో కొట్టాడు. స్టిక్కు మొన వేసి అది ఎంత తొందరగా ఎగిరి చేతికొస్తుందో చూశాడు. స్టిక్కు మెడతో, అంటే మొన కిందుండే సన్నటి భాగంతో, అంచుని పక్కవాటుగా తగిలించి, పళ్లెం ఊగి ఎన్ని ఊపుల్లో నిలబడుతుందో లెక్కపెట్టాడు. పద్దెనిమిదింటిలోంచి మూడు తీసి బల్ల మీద పెట్టాడు. నాన్న ఉంటే మెచ్చుకునేవాడు.

షాపావిడ కళ్లజోడు పెట్టుకుంది. "చెయ్యి తెలిసిన చెయ్యే. ఈ మూడూ నేనైనా తీసేదాన్ని. ఇక పద, ఆ చివరికెళ్లి గోడవైపు తిరిగి నిలబడు."

"గోడవైపా?"

"మా షాపు పద్ధతంతే. కొట్టేవాడి ముక్కు పళ్లెం మీదుంటుంది, వాడికి వినిపించేది ఒకటి. బల్ల దగ్గర కూర్చున్నవాడికి వినిపించేది ఇంకోటి. పైగా కళ్లు తెరిచి ఎంచితే మెరిసేదే బాగా మోగినట్టుంటుంది. ఎంత పెద్ద వాయిద్యగాడైనా గోడ చూడాల్సిందే. కొట్టేది నేను."

"భలే ఉందే పద్ధతి" అన్నాడు బావమరిది ఉత్సాహంగా. "పో బావా!"

 టకటకయ్య ఆ చివరిదాకా పాతిక అడుగులూ నడిచాడు. గోడ మీద తడి మరక ఒకటి ఉంది, నోరు తెరిచినట్టు. దానికెదురుగా నిలబడ్డాడు. కళ్లు ఎంత విప్పితే ఏం లాభం, కనిపించేది సున్నమే. కనుబొమ్మల్లేవు, పెదాల్లేవు, ఊగే అంచు లేదు. వెనకాల ఎవరో ఎప్పుడో కొడతారు. అది కూడా తనే కనిపెట్టాలి.

ఎప్పుడో ఒక హోరు వచ్చింది. దూరంగా చెరువు గట్టు తెగి నీళ్లొస్తున్నట్టు. ఆగింది. కాసేపటికి మళ్లీ హోరు. మళ్లీ ఆగింది. మూడోసారి. మధ్యలో టింగులు ఉండే ఉంటాయి. పిట్టల్లాగా నోళ్లు తెరుస్తూ, మూస్తూ. ఒక్కటీ ఆయన దాకా రాలేదు.  ఏది లోతుగా ఉంది? రెండోదా? ఒక్క పిసరు లోతుగా లేదూ? కాదా?

ఇటు తిరిగాడు.

"ఏది?" అంది షాపావిడ.

"రెండోది" అన్నాడు. 

"ఖాయమా?"

"ఖాయం. మొదటిది మరీ మందం. మూడోది... మూడోది హోరెక్కువ."

ఆవిడ బావమరిది వైపు తిరిగింది. "నువ్వేమంటావు బాబూ?"

బావమరిది నోరు తెరిచాడు. మూశాడు. నల్లద్దాల్లో షాపు కిటికీ రెండుసార్లు మెరిసింది తప్ప ఏమీ తెలియలేదు. "నాకూ రెండోదే బాగుందనిపించింది" అన్నాడు. "కళ్లు మండుతున్నాయి, చుక్కల మందు వేసుకోవాలి. బయట ఉంటా బావా." మెట్లు తడుముకుంటూ దిగి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్నాక షాపావిడ దగ్గరకొచ్చి, మొహంలో మొహం పెట్టి, పెదాలు బాగా కదిపి చెప్పింది. "మూడుసార్లూ నేను కొట్టింది ఒకటే పళ్లెం నాయనా."

 టకటకయ్య అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"నిన్ను ఏడిపించాలని కాదు. నీ పాత పళ్లెం చూసినప్పుడే అనుమానమొచ్చింది. పాతబడి చీలితే గీత అలా ఉండదు. అది ఒక్కచోటే పడ్డ దెబ్బ. వినపడనివాడు కొట్టే దెబ్బ. మా ఆయనా ఇలాగే రెండు పగలగొట్టాడు."

"మా వాడు చూశాడా? మీరు కొట్టడం?"

"నా పక్కనే నిలబడ్డాడుగా."

"నల్లద్దాలు కదా... కళ్లు బాగాలేవు కదా... కనిపించి ఉండదేమో."

"ఏమో మరి" అంది ఆవిడ.

అదే. ఆ 'ఏమో' దగ్గరే ఆగిపోయింది ఆయన బతుకు. వాడు చూసి ఉంటే, తెలిసే అబద్ధమాడాడు. ఎందుకు ఆడినట్టు? జాలా? లేక నాలుగో మీట నొక్కే రోజు ముందే ఖాయం చేసుకున్నాడా? చూడకపోతే, వాడికీ మూడు పళ్లేలే వినిపించాయా? ఒకటే పళ్లేన్ని మూడనుకునేంత మొద్దు చెవి కాదు వాడిది.

ఆవిడ మూడింట్లోంచి ఒకటి తీసి మెత్తటి సంచిలో పెట్టింది. "నీ చెయ్యి మూడు ఎంచింది. వాటిల్లో నా చెవి ఎంచింది ఇది. అంచు తేలిగ్గా విచ్చుకుంటుంది, మొన చెదరదు. ఒక్క మాట గుర్తుపెట్టుకో. నీకు వినపడేదాకా కొట్టకు. చేతికి తెలిసేదాకా కొట్టి ఆపెయ్. ఇదిగో, ఈ చీటీలో చెవుల డాక్టరు అడ్రసుంది. మా ఆయన్ని ఆలస్యంగా తీసుకెళ్లాను, అందుకు చెబుతున్నా. నీ పాతదానికి చీలిక చివర బెజ్జం వేసి పాకకుండా ఆపుతాను. నువ్వు డాక్టరుకి చూపించుకుని, ఆయనేమన్నాడో వచ్చి నాకు చెప్పు, అప్పుడు తీసుకెళ్లు. ఊరికే వస్తే ఇవ్వను."

దారి పొడుగునా బావమరిది సినిమాల గురించి, ఓనరు పిసినారితనం గురించి మాట్లాడాడు. పళ్లెం ఊసెత్తలేదు. టకటకయ్య కూడా ఎత్తలేదు.

ఆ సాయంత్రం లాంచీ కదిలింది. బల్లల మధ్య ఇరుక్కుని, మోకాలు ఒకరి కుర్చీకి తగులుతుంటే ఆయన స్టిక్కులెత్తాడు. పాటలావిడ మైకు సవరించుకుంది. బావమరిది నల్లద్దాలతోనే కూర్చున్నాడు. చెయ్యి నాలుగో మీటకి జానెడు దూరంలో ఉంది.

మెల్లగా కొట్టడమంటే ఏంటో మీకెలా చెప్పను. చీకట్లో మెట్లు దిగుతూ, ఇంకో మెట్టు ఉందో లేదో తెలియకుండా కాలు వెయ్యడం లాంటిది. ప్రతి దెబ్బకీ అలాగే ఉంది. స్టిక్కు పడింది, ఎగిరింది, చేతికి తెలిసింది. చెవికి ఏమీ లేదు. గట్టిగా కొట్టమని భుజం పోరు పెడుతోంది. పళ్లు బిగపట్టి ఆపుకున్నాడు. చేతికి తెలిసేదాకా, అంతే. అంతే. పాట చివర్లో స్టిక్కు మెడతో అంచుని పక్కకి గీసినట్టు ఒక్కటిచ్చాడు. పళ్లెం విచ్చుకోవడం కంటితో చూశాడు, హోరు లేవడం విన్నాడు, అది ఆరిపోవడం మాత్రం పక్కబల్ల వాళ్ల మొహాలు చూసి తెలుసుకున్నాడు. వాళ్లు చప్పట్లు కొడుతున్నారు. మొహమాటానికో, నిజంగానో.

పాటలావిడ వంగి అంది. "అన్నయ్యా, ఎన్నాళ్లకి నా గొంతు నాకు వినిపించింది! ఇన్నాళ్లూ నీ పళ్లేనికి భయపడి అరిచి అరిచి చచ్చాను, చెప్తే ఏమనుకుంటావో అని ఊరుకున్నా."

టకటకయ్య నవ్వాడు. నవ్వుతున్నానని తెలిసి టక్కున ఆపాడు. గుమ్మంలో నాన్న కుర్చీ గుర్తొచ్చింది.

"ఎవరు ఎంచారో గానీ బాగా ఎంచారు" అన్నాడు బావమరిది కీబోర్డు వైపు చూస్తూ. "రేపు పొద్దున కంటి డాక్టరు దగ్గరికి నాకు తోడు రా బావా. మెట్లెక్కాలి, కళ్లు సరిగ్గా ఆనట్లేదు."

ఎలా కాదంటాడు? వెళ్లాడు. మూడో అంతస్తు. కుడివైపు తలుపు మీద కంటి బొమ్మ ఉంది. ఎడమవైపు తలుపు మీద చెవి బొమ్మ. జేబులో చీటీ తీసి చూసుకున్నాడు. అదే మేడ, అదే పేరు. పొద్దున భార్య "తొందరేం లేదు, నిదానంగా రా" అనడం గుర్తొచ్చింది. అందరూ కలిసి తనని ఇక్కడికి నడిపించుకొచ్చారా? లేక ఈ ఊళ్లో డాక్టర్లందరూ ఉండేది ఈ మేడ మీదేనా?

"నాకు అరగంట పడుతుంది బావా. నువ్వు ఎక్కడన్నా కూర్చో" అని బావమరిది కుడి తలుపులోకి వెళ్లిపోయాడు.

టకటకయ్య చాలాసేపు మెట్ల దగ్గరే నిలబడ్డాడు. తర్వాత ఎడమ తలుపు తోశాడు. బల్ల దగ్గర నంబరు చీటీ ఇచ్చారు. పద్నాలుగు. కుర్చీలో కూర్చున్నాడు. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా నర్సు తల బయటపెట్టి నంబరు పిలుస్తోంది. ఆమె మూతికి మాస్కు ఉంది. చెవుల ఆసుపత్రిలో నంబర్లు నోటితో పిలవడం ఏ మహానుభావుడు పెట్టిన పద్ధతో గానీ, పెదాలు కనిపించవు, గొంతు చూస్తే పిట్ట గొంతు. ఒక ముసలాయన లేచి వెళ్లాడు. ఒకావిడ లేచింది. తర్వాత కాసేపు ఎవరూ లేవలేదు. నర్సు తలుపు దగ్గరే నిలబడి అందరి వంకా చూసింది. టకటకయ్య వంక కూడా చూసింది. లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆ తర్వాత లేచినావిడ చేతిలో చీటీ మీద పదిహేను అని ఉంది.

అప్పుడైనా లేచి అడగొచ్చు. నాది పిలిచారా అంటే చాలు. లోపలికెళితే కాగితం మీద రాసిస్తారు. రాసిన కాగితాన్ని నవ్వి దాటెయ్యలేం. చీటీ వేళ్ల మధ్య నలుగుతూనే ఉంది. నిజంగా వినపడలేదో, వినపడనందుకు లోపల ఎక్కడో ప్రాణం కుదుటపడిందో, ఆయనే చెప్పాలి.

"అయిందా బావా?" బావమరిది వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నల్లద్దాలు అలాగే ఉన్నాయి.

"ఏంటి అయ్యేది?"

 "అదే... కూర్చోవడం. పద పోదాం."

మెట్లు దిగారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఎవరు ఎవర్ని దింపుతున్నారో తెలియకుండా.

ఆ తర్వాత బావమరిది కళ్లు బాగయ్యాయి, అద్దాలు తీసేశాడు. కానీ ఏ పాటకీ కనుబొమ్మ లేపడం లేదు. బాగుండి లేపడం లేదో, కావాలనే పడుకోబెట్టాడో టకటకయ్యకి తెలియదు. అందుకే ఆయన కళ్లు అలా పరుగెడుతుంటాయి. రేపు వెళతాను, ఈ వారం వెళతాను అనుకుంటాడు. పద్నాలుగో నంబరు చీటీ స్టిక్కుల సంచి అడుగున మెత్తబడి ఉంది. పాత పళ్లెం షాపావిడ వెనక గోడకి, ఒక మేకుకి వేలాడుతోంది. చీలిక చివర బెజ్జం వేసి, అంచు నునుపు చేసి, తుడిచి పెట్టింది. తీసుకెళ్లడానికి ఆయన ఇంకా రాలేదు.